ఇరుసు అరిగితే బాగుచేయించడమా, మార్చడమా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



శీర్షిక వినగానే మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. "ఇదేం చోద్యమమ్మా! ఆవకాయలో ఊట తగ్గితే ఏం చెయ్యాలో, పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుందో చెప్పవలసిన చోట ఈవిడ కారు ఇరుసు పురాణం విప్పుతుందేమిటి?" అని. మీ తప్పేం లేదు. ఏడాది క్రితం నాతో ఎవరైనా ఈ మాట ఎత్తి ఉంటే నేనూ రేడియో కట్టేసి పోపు పెట్టుకోవడానికి వెళ్ళిపోయేదాన్నే. కాని ఆలోచించండి. ఆ కారులో ఎక్కేది మనం. ఎక్కించేది మన పిల్లల్ని. మగవాళ్ళు పనిలో ఉండగా "అమ్మా, పార్టు అరిగిపోయింది, రిపేరు చెయ్యమంటారా, కొత్తది వెయ్యమంటారా, తొందరగా చెప్పండి" అని షెడ్డు నుంచి ఫోను వచ్చేది చాలా ఇళ్ళల్లో మనకే. అప్పుడు మనం ఏమంటాం? "ఏది తక్కువైతే అదే చెయ్యి బాబూ" అంటాం. నేనూ అలాగే అన్నాను. అదే ఈవేళ మీకు చెప్పబోతున్నాను.

ఇరుసన్నది మనకు తెలియని వస్తువేమీ కాదండీ. మా తాతగారి ఊళ్ళో ఎడ్లబండి ఉండేది. బండి కట్టేముందు పాలేరు చక్రాన్ని కాస్త ఎడంగా లాగి, వెదురుగొట్టం లోంచి నల్లటి కందెన తీసి ఇరుసుకు పూసేవాడు. ఆముదంలో గడ్డిమసి కలిపి చేసేవారు దాన్ని. నా పరికిణీకి ఆ మరక అంటితే మా అమ్మమ్మ చేత ఎన్ని చీవాట్లు తిన్నానో! కందెన పూయని రోజున బండి కిర్రుకిర్రుమంటూ ఊరంతా వినపడేలా ఏడ్చేది. తాతగారు వరండాలో కూర్చునే "ఒరే, ఇరుసు ఎండిందిరా" అని కేకేసేవారు. చూడకుండానే, చెవితోనే. ఆ చెవి మనకీ ఉందండీ, మిక్సీ చప్పుడు మారితే వంటింటి బయట నుంచే పోల్చుకోమూ? కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం "మనకేం తెలుస్తుందిలే" అని ఆ చెవి మూసేసుకుంటాం.

మన చిన్నప్పటి అంబాసిడరూ, ఫియట్టూ గుర్తున్నాయా? వాటిలో ఇంజను ముందు, బండిని తోసేవి వెనక చక్రాలు. నడుమ కారు పొట్టకింద పొడుగాటి షాఫ్టు. దాని కొసల్లో ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే "క్రాస్" అరిగితే, అదొక్కటీ ఊడదీసి కొత్తది వేసేవారు. మిగతా అంతా పాతదే. ఆ కార్లతో పెరిగినవాళ్ళకు "మార్చడమెందుకు, బాగుచేయించు" అనేది అలవాటుగా నాలుక మీదికి వస్తుంది. మా అత్తయ్యగారు ఇప్పటికీ అదే అంటారు. ఆ రోజులకది సరైన మాటే.

తరవాత 1983 డిసెంబరులో మారుతీ చిన్నకారు వచ్చింది. దానిలో వెనక చక్రాలు కాదు, ముందు చక్రాలే బండిని లాగుతాయి. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే చిన్నకార్లన్నీ దాదాపు అదే పద్ధతి. అంటే ముందు చక్రాలకు రెండు పనులు పడ్డాయి: లాగడం, తిరగడం. ఎడ్లకు మల్లేనే. తిరుగుతూ లాగాలంటే ఇరుసు నిటారుగా ఉండే కమ్మీ అయితే కుదరదు, దానికి మోచెయ్యిలాంటి కీలు కావాలి. గేరుపెట్టె నుంచి ఒక్కొక్క చక్రానికీ ఒక్కొక్క షాఫ్టు వస్తుంది. ఒక్కొక్క షాఫ్టుకీ రెండు కీళ్ళు, చక్రం దగ్గర ఒకటి, గేరుపెట్టె దగ్గర ఒకటి. చక్రం దగ్గరి కీలులో గాడులున్న గిన్నె, అందులో ఆరు ఉక్కు గోళీలు, అవి చెదరకుండా ఒక పంజరం. మెకానిక్కులు సి.వి. జాయింటు అంటారు. షాఫ్టూ జాయింట్లూ అన్నిటినీ కలిపి వాళ్ళ భాషలో "యాక్సిల్". ఆ గోళీల చుట్టూ గ్రీజు, గ్రీజు కారిపోకుండా పైన రబ్బరు తొడుగు. హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది. దాని పేరు బూటు.

మొత్తం కథంతా ఆ బూటులోనే ఉంది. మీ ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు ఎండి పగిలిందనుకోండి. ఎంతకొస్తుంది కొత్తది? కాని మార్చకుండా బలవంతాన వండుతూ పోతే చివరికి ఏమవుతుందో తెలుసుగా! కారు బూటు కూడా ఎండకూ వయసుకూ మడతల దగ్గర పగులుతుంది. పగులులోంచి గ్రీజు చిమ్మి చక్రం లోపలివైపు నల్లగా పడుతుంది. ఖాళీ అయిన చోటికి ఇసకా, వాననీళ్ళూ చేరతాయి. కందెన బదులు ఇసక వేసి రుబ్బితే రోలైనా అరిగిపోదూ?

ఇక నా సంగతి. మేముండేది బంజారాహిల్స్‌లో రోడ్ నంబరు 12 పక్కన ఒక ఎగుడు సందులో. పేరులోనే కొండలున్నాయి కదండీ, నిజంగానే కొండలు. 1970లలో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియో కట్టించిన నాటికి ఈ చుట్టుపక్కలంతా బండలూ పొదలేనని మా వీధిలో పాతకాపులు చెబుతారు. బండలు చాలామటుకు పోయాయిగాని ఎగుడుదిగుళ్ళు ఎక్కడికి పోతాయి? ఫిల్మ్‌నగర్ వైపు వెళ్ళినా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు వెళ్ళినా ఎక్కడమో దిగడమో, ప్రతి మలుపులోనూ స్టీరింగు పూర్తిగా తిప్పడమో. వానాకాలం పల్లపు వీధుల్లో నీళ్ళు, నీళ్ళకింద గుంతలు. ఇరుసు కీళ్ళకు ఇంతకంటే కఠిన పరీక్ష ఏముంటుంది?

మాది పన్నెండేళ్ళ చిన్నకారు. ఒకరోజు డ్రైవరు టైరు మారుస్తూ నన్ను పిలిచాడు. "అమ్మా, ఎడమ దిక్కు బూటు పలిగింది. గ్రీజంతా బయటికొస్తుంది. గిప్పుడే వేయిస్తే తొమ్మిది వందల్లో అయిపోతది" అన్నాడు. అంతకు ముందు నెలలోనే బ్యాటరీ మార్పించాం. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నెలకొక ఖర్చు చెబుతావు. ఆ షాపువాడికీ నీకూ ఎంత లెక్కేమిటి?" అనేశాను. అతను ఏమీ మాట్లాడలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని టైరు బిగించి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రెండు మూడు నెలలకి చప్పుడు మొదలైంది. గేటు లోంచి బయటికి తిప్పేటప్పుడు టక్‌టక్‌టక్‌మని. నిటారుగా వెళ్ళేటప్పుడు లేదు, స్టీరింగు పూర్తిగా కోసినప్పుడే. నేను విన్నాను. మా అమ్మాయి విని "అమ్మా, కారు చిటికెలు వేస్తోందే!" అంది కూడా. డ్రైవరును అడగడానికి మొహం చెల్లలేదు. కదులుతోంది కదా, ఇంకేం, అనుకున్నాను.

ఆ శుక్రవారం అతను చుట్టాల పెళ్ళికి సెలవు పెట్టాడు. అత్తయ్యగారిని గుడికి తీసుకెళ్ళి నేనే నడుపుకుంటూ వస్తున్నాను. మా సందు ఎక్కుతూ సగంలో మలుపు తిప్పానో లేదో, కింద నుంచి ఫటేలుమని చప్పుడు. ఇంజను గోల పెడుతోంది, కారు మాత్రం ముందుకు రాదు. బ్రేకు తొక్కాను, నిలిచింది. సరే, ఆపేసి దిగి చూద్దామని, రోజూ ఇంటిముందు ఎగుడులో చేసినట్టే మొదటి గేరు వేసి, తాళం తిప్పి, బ్రేకు మీద నుంచి కాలు తీశాను.

కారు వెనక్కి జారింది.

వెనక పదిగజాల్లో బడిపిల్లల ఆటో. "అమ్మాయీ!" అని అత్తయ్యగారి కేక. కాలు మళ్ళీ బ్రేకుమీద ఎలా పడిందో నాకు తెలియదు. పడింది. హాండ్‌బ్రేకు లాగాను. అది కొన్నాళ్ళుగా వదులుగా ఉంది, కాలు కొంచెం తీస్తే చాలు మళ్ళీ జారుతోంది. ఎదురింటి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి రెండు చక్రాల కిందా బండరాళ్ళు పెట్టేదాకా కాలు బిగబట్టి కూర్చున్నాను. మోకాలు వణుకు సాయంత్రానికిగాని తగ్గలేదు.

గేరులో ఉన్న కారు ఎందుకు జారిందో తరవాత తెలుసుకున్నాను. ఇది ఎగుడు వీధుల్లో ఉండే ప్రతి ఇల్లాలూ తెలుసుకోవలసిన విషయం. గేరు అనేది చక్రాన్ని పట్టుకునేది ఆ యాక్సిల్ ద్వారానే. రెండు ముందు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ అని ఒకటుంటుంది. ఒక పక్క కీలు విరిగితే ఇంజను బలమంతా ఆ విరిగిన పక్కనే ఉత్తుత్తిగా తిరిగిపోతుంది. రెండో పక్క బాగానే ఉన్నా లాగదు, పట్టుకోదు. మిక్సీ జారు కింద రబ్బరు కప్లరు అరిగిపోతే మోటారు రొదపెట్టి తిరుగుతుంది గాని బ్లేడు కదలదు చూడండి, అచ్చం అంతే. ఆటోమేటిక్ కార్లలో "పి" అని పెట్టి వదిలేస్తారే, అదీ ఈ సమయంలో ఆదుకోదు. కాలిబ్రేకు పనిచేస్తుంది. వెనక చక్రాలను పట్టే హాండ్‌బ్రేకు పనిచేస్తుంది, బిగువుగా ఉంటే. అందుకే నేనిప్పుడు హాండ్‌బ్రేకు బిగువు చూపించకుండా ఒక్క సర్వీసూ చేయించను.

మర్నాడు డ్రైవరు వచ్చాడు. "నేను ముందే చెప్పలే?" అంటాడేమోనని ఎదురు చూశాను. అనలేదు. కారుకింద దూరి, విరిగిన పంజరం ముక్కలు గుడ్డలో వేసి తెచ్చి చూపించాడు. గోళీలు గుంతలు పడి ఉన్నాయి, గిన్నెలో గ్రీజు బదులు ఎర్రటి తుప్పు బురద. "ఆ రోజు నేనన్న మాట తప్పు" అన్నాను, అత్తయ్యగారి ఎదుటే. "పోనియ్యుండ్రమ్మా. పిల్లల ఆటోకు తాకలే, అది చాలు" అన్నాడు.

షెడ్డులో మూడు ధరలు చెప్పారు. పాత యాక్సిల్‌ని రీకండిషన్ చేసినది 2,500 రూపాయలు. చక్రం వైపు జాయింటు ఒక్కటే కొత్తది వేస్తే 4,200. మొత్తం యాక్సిల్ కొత్తది 7,500. ఇవి మా బండికి మా షెడ్డువాడు చెప్పినవి, మీ బండికి వేరుగా ఉంటాయి. మావారు నాలుగో మాట చెప్పారు, "ఈ పాత డబ్బాకి ఇంకా ఖర్చెందుకు, అమ్మేద్దాం" అని.

ఇక్కడే మనం తొందరపడకూడదు. ముందసలు అరిగింది అదేనా అని తేల్చుకోవాలి. చప్పుళ్ళన్నీ ఒకటి కావు. ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపు కోసి నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే టక్‌టక్‌మందంటే అది చక్రం దగ్గరి కీలే. ఎగుడెక్కుతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు బండి వణికి, కాలు తీస్తే వణుకు తగ్గిందంటే గేరుపెట్టె వైపు కీలును అనుమానించాలి. వేగంతోపాటు పెరిగే "హూ" అనే గోల అయితే చాలామటుకు వీల్ బేరింగు, దానికీ యాక్సిల్‌కీ సంబంధం లేదు. గుంతలో పడ్డప్పుడు మాత్రమే ధబ్బుమంటే సస్పెన్షన్‌లో బుష్‌లో, బాల్‌జాయింట్లో చూడాలి. పెద్దరోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు స్టీరింగు వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగు చేయించి చూడండి, అది చవక. బేరింగు పోతే యాక్సిల్ మార్చి, గోల తగ్గకపోతే "ఇంకోటి కూడా పోయిందమ్మా" అని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

కీలే అరిగిందని తేలాక, బాగుచేయించుకోవడం ఎంతవరకు? నాకర్థమైనంతవరకు గీత చప్పుడు దగ్గర ఉంది. బూటు పగిలింది, ఇంకా చప్పుడు లేదు అంటే పరుగెత్తండి. కీలు విప్పి, పాత గ్రీజు కడిగి, గోళీలూ గాడులూ చూసి, కొత్త గ్రీజు, కొత్త బూటు, కొత్త క్లిప్పులు వేస్తే పాత కీలే ఇంకా ఏళ్ళతరబడి నడుస్తుంది. అది అసలైన రిపేరు. చప్పుడు మొదలైందా, గాడులు అరిగిపోయాయన్నమాట. అప్పుడు ఎంత గ్రీజు కుక్కినా, ఎంత మంచి బూటు తొడిగినా అరిగిన ఉక్కు తిరిగి మొలవదు. నాలుగు రోజులు చప్పుడు మందగిస్తుంది, అంతే. మనం "తగ్గింది కదా" అని మోసపోతాం.

పగిలిన బూటుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టేవాళ్ళను చూశాను. గ్రీజు తగిలిన చోట ఏదీ అతుక్కోదు. షెడ్డు చేరేదాకా పనికొస్తే పనికొస్తుంది. విరిగిన షాఫ్టుకు వెల్డింగు పెడతానంటే మాత్రం కారు తీసుకుని వచ్చేయండి. మెలితిప్పే బలమంతా మోసే కమ్మీ అది, అతుకుమీద నమ్మకం పెట్టుకోకూడదు. ఇంకొక పాత కిటుకు ఉంది, కుడి కీలు ఎడమకూ ఎడమది కుడికీ మార్చడం. అరగని వైపు బరువు పడి కొన్నాళ్ళు చప్పుడు పోతుంది. అన్ని బండ్లకూ కుదరదు, కుదిరినా అది వాయిదా వెయ్యడమేగాని వైద్యం కాదు.

రీకండిషన్ సంగతి కొంచెం చిక్కు. రాణీగంజ్‌లో కొత్త సామాన్లూ దొరుకుతాయి, చెప్పుకోదగ్గ పాతవీ దొరుకుతాయి. నిజంగా శ్రద్ధగా చేసేవాడు కీలు పూర్తిగా విప్పి, గాడులు పరీక్షించి, అరిగిన గోళీలూ పంజరమూ మార్చి బిగిస్తాడు. కొందరు పైన కడిగి, నల్లరంగు కొట్టి, కొత్త బూటు తొడిగి ఇస్తారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా మన కంటికి తెలియదు కాబట్టి నేను ఒకటే అడిగాను: "ఎన్ని నెలలు పూచీ? బిల్లుమీద రాసిస్తావా?" అతను తల గోక్కున్నాడు. నాకు జవాబు దొరికింది. కొత్తదే కొంటున్నా డబ్బా మీద కంపెనీ ముద్రా, ధరా, మీ బండి మోడలుకు సరిపోయే నంబరూ చూసుకుని, పక్కా బిల్లు తీసుకోండి. నకిలీవి కూడా డబ్బాల్లోనే వస్తాయి సుమా.

మరి జాయింటు ఒక్కటే వెయ్యాలా, మొత్తం యాక్సిలా? లోపలివైపు కీలు గట్టిగా ఉంటే బయటిది ఒక్కటే వేయించడం తెలివైన పని, డబ్బు మిగులుతుంది. మా డ్రైవరు షాఫ్టు పట్టుకుని నా ఎదుటే ఊపి చూపించాడు. లోపలి కీలు కూడా కటకటమంది. ఇప్పుడు బయటిది మార్చి, ఆరు నెలలకి లోపలిది మారిస్తే విప్పే కూలి రెండుసార్లు, బూటూ గ్రీజూ రెండుసార్లు. అందుకని ఎడమ పక్క మొత్తం కొత్తదే వేయించాను. కుడిపక్క చప్పుడు లేదు, బయటి బూటు మాత్రం బీటలు వారింది. అటు కొత్త బూటే. "రెండు పక్కలా జతగా మార్చాలమ్మా" అని షెడ్డువాడు అన్నాడు గాని, చెప్పుల జత కాదుగా ఇది! బాగున్నదాన్ని తీసి పారెయ్యనవసరం లేదు.

యాక్సిల్ లాగినప్పుడు గేరుపెట్టెలోంచి నూనె కొంత కారుతుంది. అక్కడి ఆయిల్‌సీలు చవక వస్తువు, పనిలో పనిగా కొత్తది వేయించండి. నూనె మట్టం సరిచూసి పోయమనండి. ఇది మరిచిపోతే ఇరుసు బాగై గేరుపెట్టె పాడవుతుంది. చక్రం మధ్యలోని పెద్ద నట్టు పాతదే సుత్తితో బిగించడం కాదు, కొత్త నట్టు కొలత పాన్నాతో బిగించాలి. పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. అది మనదే, మనం డబ్బిచ్చి కొన్నదే.

మావారి "అమ్మేద్దాం" అన్న మాటకు కూడా లెక్క వేశాను, పాల లెక్క రాసే నోటుపుస్తకంలోనే. కారు ధర ఎంత, రిపేరు ఎంత అని పోలిస్తే ఎప్పుడూ అమ్మెయ్యాలనే అనిపిస్తుంది. అలా కాదు, ఈ ఖర్చుతో ఇంకెన్నాళ్ళు నడుస్తుంది, కొత్తది కొంటే నెలకెంత పడుతుంది అని చూడాలి. మా కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు, ఇంకా మూడేళ్ళుంది. ఆ తరవాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకు పొడిగించుకోవచ్చు. ఎడమ యాక్సిలూ, కుడి బూటూ, సీలూ, నూనే, కూలీ, హాండ్‌బ్రేకు బిగింపూ అన్నీ కలిపి పదివేలయింది. మూడేళ్ళకు పంచితే నెలకు మూడు వందలు కూడా పడలేదు. కొత్తకారు వాయిదా ఎంతో మావారికే బాగా తెలుసు. నోటుపుస్తకం ముందు పెడితే మళ్ళీ మాట్లాడలేదు. అదే ఇంజనూ పోయి, అడుగు తుప్పుపట్టి, ఇరుసు కూడా పోయి ఉంటే నేనే అమ్మెయ్యమనేదాన్ని.

లెక్కలో ఒక గీత మాత్రం బాధగానే రాశాను: "బూటు, 900". ఆ రోజు పెట్టనిది.

ఇప్పుడు మా ఇంట్లో నెలకొకసారి, టార్చిలైటు పట్టుకుని నేనూ డ్రైవరూ ముందు చక్రాల వెనక తొంగిచూస్తాం. ఇరుగుపొరుగు నవ్వుతారు, నవ్వనీండి. నిన్న చూస్తే కుడిపక్క లోపలి బూటు మడతలో సన్నటి బీట కనిపించింది. గ్రీజు ఇంకా బయటికి రాలేదు. "ఇంకో నెల ఆగొచ్చమ్మా" అన్నాడతను. రేపు పొద్దున్న తొమ్మిదింటికే వెళ్దామన్నాను.

సెలవు.